కేకు, మల్లెలు, మోదుగుపూలు: శివరాత్రి తర్వాత ఒక ఆదివారాన్ని ఎలా దాచుకోవాలి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అది పోయిన రోజు నుంచి ఉగాది పచ్చడి తినేదాకా మన హైదరాబాద్‌లో ఒక నెల రోజులు ఉంటాయి, అసలు వసంతం అంటే మనకి ఆ నెలే. పంచాంగంలో వసంత ఋతువు ఉగాదితోనే మొదలవుతుంది, నిజమే, కానీ అప్పటికి మన ఊళ్లో ఎండ ముదిరిపోయి మధ్యాహ్నం మేడ మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. కాబట్టి ఫాల్గుణంలోనే చూసుకోవాలి ఏదైనా. పొద్దున ఆరింటికి గాలి చల్లగా, కొంచెం తియ్యగా కూడా ఉంటుంది, సాయంత్రం ఆరింటికి మళ్లీ అలాగే ఉంటుంది, ఆ రెండిటి మధ్య ఎండ మనది కాదు, దాన్ని వదిలేయాలి.

ఈ నెలలో ఒక్క ఆదివారం తీసిపెట్టుకోమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. మా ఇంట్లో నాలుగేళ్ల నుంచి చేస్తున్నాం. శనివారం మధ్యాహ్నం ఒక కేకు, శనివారం సాయంత్రం కుండీల్లోంచి మల్లెమొగ్గలు, ఆదివారం తెల్లారకముందే కారు తీసి చేవెళ్ల రోడ్డు మీదుగా అనంతగిరి దాకా, ఎండ ఎక్కేలోపు తిరుగు ప్రయాణం, అంతే. రిసార్టు బుకింగులు అక్కర్లేదు, సెలవు పెట్టక్కర్లేదు. ఒక్క కిటుకు మాత్రం ఉంది, దేని పనైనా ముందురోజే అయిపోవాలి, కేకు, మల్లెల పని శనివారం, మోదుగుపూల పని ఆదివారం సాయంత్రం, ఎందుకంటే ఈ మూడూ రాత్రికి రాత్రి వాటంతట అవే తయారయ్యేవే. రవ్వ కేకు తెల్లారేసరికే రుచికొస్తుంది, మల్లెమొగ్గ రాత్రే విచ్చుకుంటుంది, మోదుగుపూలు రాత్రంతా నీళ్లలో నానితేనే రంగు దిగుతుంది. మనం చెయ్యాల్సింది వాటిని టైముకి సిద్ధం చేసి పడుకోవడమే.

ఏ ఆదివారం అంటే, కాముని పున్నమికి, అంటే హోలీకి ముందు వచ్చే ఆదివారం. మోదుగుపూలు అప్పటికి బాగా విరగబూసి ఉంటాయి, హోలీకి రంగు కూడా చేసుకోవచ్చు. ఆ వారం కుదరకపోతే దాని తర్వాతి వారం, అది కూడా దాటితే పూలు రాలిపోతాయి, ఎండా ఎక్కువైపోతుంది, ఇంక వచ్చే ఏడాదే.

ముందు మల్లెల సంగతి చెప్తా, ఎందుకంటే దీనికి మాత్రం రెండు నెలల ముందు నుంచే పని ఉంది. కుండీలో మల్లెచెట్టు ఉండి, ఆకులు గుబురుగా ఉండి, పూలు మాత్రం రావట్లేదని చాలామంది అంటుంటారు, నాదీ మొదటి రెండేళ్లు అంతే, రోజూ నీళ్లు పోసి పోసి చెట్టుని ఆకులతో నింపేశా. మల్లె కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది. పాత కొమ్మలు అలాగే ఉంచి నీళ్లు పోస్తే అది హాయిగా ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. డిసెంబర్ చివర్లో ఒక రెండు వారాలు నీళ్లు బాగా తగ్గించేయండి, చెట్టు కొంచెం వాడినట్టు అవుతుంది, భయపడకండి. తర్వాత జనవరిలో ఆకులన్నీ చేత్తో దూసేసి, ఎండు కొమ్మలు, సన్నగా పుల్లల్లా ఉన్నవి తీసేసి, మిగిలిన కొమ్మల్ని మూడో వంతు దాకా కత్తిరించండి. పై మట్టి రెండు మూడు అంగుళాలు గుల్ల చేసి రెండు గుప్పిళ్లు మాగిన పశువుల ఎరువు వేసి, అప్పుడు కడుపునిండా నీళ్లు పొయ్యండి. అక్కణ్ణుంచి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొగ్గలు కనిపిస్తాయి, అంటే సరిగ్గా మనకి కావాల్సిన టైముకి. రోజుకి అయిదారు గంటలు ఎండ పడాలి, బాల్కనీలో గ్రిల్లు నీడలో పెట్టి పూయట్లేదంటే పాపం అదేం చేస్తుంది.

ఇది చదివేసరికి జనవరి దాటిపోయిందా, పర్లేదు. నర్సరీకి వెళ్లి మొగ్గలున్న గుండుమల్లె మొక్క తెచ్చుకోండి, కానీ తెచ్చిన రోజే పెద్ద కుండీలోకి మార్చకండి, వేర్లు కదిలితే మొగ్గలన్నీ రాలిపోతాయి. ఆ సంచిలోనే నెలన్నర ఉంచి, మొదటి విడత పూలు అయ్యాక మార్చండి. మొగ్గలు ఊదా రంగులోకి తిరిగి విచ్చుకోకుండానే రాలిపోతుంటే అది మొగ్గ తొలిచే పురుగు, అలాంటివి కనపడగానే తెంపి దూరంగా పారేయండి, మట్టిలో రాలిన వాటిని కూడా ఏరండి, లేకపోతే మళ్లీ వస్తుంది.

మిగతా కుండీల గురించి ఎక్కువ చెప్పను. కాగితం పూల మొక్కకి నీళ్లు తగ్గిస్తేనే రంగు వస్తుంది, మనం పువ్వు అనుకునే ఆ గులాబీ రంగు రేకులు నిజానికి ఆకులే, అసలు పువ్వు మధ్యలో తెల్లగా చిన్నగా ఉంటుంది, పిల్లలకి చూపించండి భలే ఆశ్చర్యపోతారు. మందారానికి ఈ టైములో పిండినల్లి పడుతుంది, లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టండి, వారానికోసారి మూడు వారాలు. చలికాలంలో తెచ్చిన పెటూనియాలు ఇంక అయిపోయినట్టే, వాటి మీద జాలిపడి నీళ్లు పోస్తూ ఉండకుండా ఆ కుండీలో బంతి గింజలు వేసెయ్యండి.

ఇప్పుడు శనివారానికి వద్దాం. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మూడింటికి కేకు మొదలుపెట్టాలి. ఈ నెలలో బండ్ల మీద నాగ్‌పూర్ సంత్రాలు గుట్టలు గుట్టలుగా ఉంటాయి, మెహదీపట్నం రైతుబజార్ దగ్గర మేం తెచ్చుకుంటాం, అందుకే సంత్రా రవ్వ కేకు. గుడ్లు లేవు, క్రీము లేదు, కారులో చేతికి అంటుకోదు, నలగదు, దారిలో తినడానికి దీన్ని మించింది నాకైతే దొరకలేదు.

కావాల్సినవి, 240 మిల్లీలీటర్ల కప్పు లెక్కలో చెప్తున్నా: బొంబాయి రవ్వ ఒక కప్పు, మైదా అర కప్పు, చక్కెర ముప్పావు కప్పు, పుల్లటి పెరుగు అర కప్పు, సంత్రా రసం అర కప్పు, వాసన లేని నూనె గానీ కరిగించిన వెన్న గానీ కప్పులో మూడో వంతు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, వంటసోడా పావు టీస్పూను, చిటికెడు ఉప్పు, రెండు సంత్రాల తొక్క తురుము. టిన్ 7 అంగుళాలది సరిపోతుంది, బేగంబజార్‌లో గిన్నెల దుకాణాల్లో ఎన్ని సైజులు కావాలన్నా దొరుకుతాయి, కొంచెం మందంగా ఉన్నది చూసి తీసుకోండి, పల్చటిదైతే అడుగు ముందే మాడుతుంది.

మొదట రవ్వని మిక్సీలో ఒక్కసారి, నిజంగా ఒక్కసారే, గిర్రున తిప్పి ఆపండి, పిండి అవ్వకూడదు, బరక పోవాలంతే. తర్వాత తొక్క తురుము, ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. సంత్రా పైన ఆ నారింజ రంగు పొర ఉంది చూశారా, వాసనంతా అందులోనే ఉంది, నూనె దాగి ఉండే చిన్న చిన్న గుంటలుంటాయి, గోరుతో గీరితే చేతికి తడి తగులుతుంది, వంటిల్లంతా గుమగుమలాడుతుంది. దాని కింద తెల్లపొర మాత్రం చేదు. కాబట్టి అల్లం తురిమే సన్నటి తురుముపీట మీద పండుని తిప్పుతూ తిప్పుతూ ఒక్కచోట రెండుసార్లకి మించకుండా రుద్దండి, తెల్లగా కనపడగానే పక్కకి తిప్పెయ్యండి. నాగ్‌పూర్ సంత్రా తొక్క వదులుగా ఉంటుంది, గట్టిగా నొక్కితే చిరిగిపోతుంది, అందుకే పండు ఒలవకముందే తురుముకోవాలి, రసం తర్వాత. ఆ తురుముని చక్కెరలో వేసి వేళ్లతో ఒక నిమిషం నలపండి, చక్కెర తడిసి లేత పసుపు రంగులోకి వస్తుంది, ఈ ఒక్క పనితో కేకు వాసన రెట్టింపవుతుంది, ఎసెన్స్ జోలికి వెళ్లక్కర్లేదు.

ఆ చక్కెరలో పెరుగు, రసం, రవ్వ వేసి కలిపి మూతపెట్టి అరగంట పక్కన పెట్టండి. ఈ అరగంట తప్పించకండి. నేను మొదటిసారి అయిదు నిమిషాలకే ఓవెన్‌లో పెట్టేశా, రవ్వ తాగాల్సిన తడంతా ఓవెన్‌లో తాగేసి, కేకు పొడిపొడిగా, పంటికింద ఇసకలా తగిలింది, ఇంటికొచ్చిన చుట్టాలకి పెట్టలేక ఎంత బాధపడ్డానో. అరగంటయ్యాక చూస్తే మీకే తెలుస్తుంది, నీళ్లగా ఉన్నది ఇడ్లీపిండిలా అయ్యుంటుంది. అప్పుడు ఓటీజీ 180 డిగ్రీల మీద, పైరాడ్డు కిందరాడ్డు రెండూ వేసి, పది నిమిషాలు వేడవ్వనివ్వండి. టిన్‌కి నూనె రాసి అడుగున బటర్ పేపర్ వెయ్యండి. ఇవన్నీ సిద్ధమయ్యాకే నానిన రవ్వలో నూనె కలిపి, మైదా, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు జల్లించి వేసి, గరిటెతో కింద నుంచి పైకి తిప్పుతూ కలపండి. పెరుగు, సంత్రా రసం రెండూ పులుపే కదా, సోడా తగలగానే గ్యాస్ పుట్టి బుడగలు వస్తాయి, కేకు పొంగేది ఆ బుడగల వల్లే, కలిపేసి ఫోన్ వచ్చిందని పదిహేను నిమిషాలు వదిలేస్తే గ్యాసంతా పోతుంది. మరీ గట్టిగా ఉంటే రెండు మూడు చెంచాల పాలు పొయ్యండి, గరిటె ఎత్తితే ముద్దలుగా కాకుండా వెడల్పాటి రిబ్బనులా జారాలి.

మధ్య అరలో పెట్టి 35 నుంచి 40 నిమిషాలు. మొదటి 25 నిమిషాలు తలుపు తియ్యొద్దు. చల్లగాలి తగిలితే ఇంకా గట్టిపడని మధ్యభాగం కూర్చుండిపోతుంది, మళ్లీ లేవదు. ఓటీజీ డయల్ చూపించే డిగ్రీలకి, లోపల ఉండే వేడికి ఒక్కోసారి ఇరవై ముప్పై డిగ్రీలు తేడా ఉంటుంది, తరచుగా బేక్ చేసేవాళ్లయితే లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొనుక్కోండి. ఓవెన్ లేకపోతే ప్రెషర్ కుక్కర్‌లో చెయ్యొచ్చు, గాస్కెట్, విజిల్ రెండూ తీసెయ్యాలి, నీళ్లు పొయ్యకూడదు, అడుగున అంగుళం మందం గల్లుప్పు పోసి దానిమీద స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి, టిన్ పెట్టాక సన్నటి మంట మీద 45 నుంచి 50 నిమిషాలు. పైన ఎర్రగా రాదు కానీ రుచిలో తేడా ఏమీ ఉండదు. ఆ ఉప్పు కూరలకి పనికిరాదు, డబ్బాలో పోసుకుంటే మళ్లీ కేకుకి వాడుకోవచ్చు.

టూత్‌పిక్ గుచ్చితే పొడిగా రావాలి, అంచులు టిన్‌ని వదిలినట్టు కనపడాలి. పది నిమిషాలు ఆగి బోర్లించి జల్లెడ మీద చల్లారనివ్వండి. పిల్లలు ఒక ముక్క పెట్టమని చుట్టూ తిరుగుతారు, పెట్టండి, కానీ మిగతాది కోయకుండా గట్టిమూత డబ్బాలో పెట్టి బయటే ఉంచండి. ఇవాళ్టి ముక్కకి, రేప్పొద్దుటి ముక్కకి చాలా తేడా ఉంటుంది, రాత్రంతా ఆ తడి అన్నివైపులా సమానంగా సర్దుకుని రవ్వ మెత్తబడి సంత్రా వాసన లోపలికంతా దిగుతుంది.

కేకు చల్లారేలోపు అయిదున్నర అవుతుంది, మేడ మీదకి పదండి. మల్లెమొగ్గలు కోసే టైము ఇదే. మా అత్తమ్మ ప్రతిసారీ అంటుంది, "ఇచ్చుకున్నంక కోస్తే ఏం ఫాయిదా బిడ్డా, పొద్దుగూకకముందే కొయ్యాలె" అని. ఏ మొగ్గ కొయ్యాలో కనుక్కోవడం మొదట్లో కష్టమే. నిన్నటిదాకా ఆకుపచ్చ ఛాయతో సన్నగా గట్టిగా ఉన్నది ఇవాళ పూర్తిగా తెల్లబడి, లావై, వేళ్ల మధ్య పట్టుకుంటే లోపల గాలి ఉన్నట్టు కొంచెం మెత్తగా తగులుతుంది, అదే రాత్రికి విచ్చుకునేది. ఇంకా కొన మీద పచ్చగా ఉంటే రేపటిది, వదిలెయ్యండి. గోటితో గిల్లి కాడ కొంచెం ఉండేలా కొయ్యండి, కాడ లేకపోతే కట్టడానికి పట్టు దొరకదు.

కట్టడం దారంతో కంటే అరటినారతో బాగుంటుంది, తడిపితే మెత్తగా ఉంటుంది, కాడల్ని కొయ్యదు. రెండు మొగ్గలు ఇటు తలపెట్టి, రెండు అటు తలపెట్టి, నాలుగు కాడలూ మధ్యలో ఒకదానిమీద ఒకటి పడేలా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోవాలి. నారని వాటి చుట్టూ ఒకసారి తిప్పి, వేలి మీద చిన్న మెలిక వేసి, ఆ మెలికలోంచి కాడల్ని దూర్చి మెల్లగా లాగాలి. మెల్లగా అంటే, బిగుసుకోవాలి కానీ తెగకూడదు. మొదటి పది వరసలు వంకరగానే వస్తాయి, పదకొండోది సరిగ్గా పడుతుంది. అత్తమ్మ టీవీ చూస్తూ మూర కట్టేస్తుంది, చేతివంక చూడను కూడా చూడదు. కుండీ పూలు సరిపోకపోతే గుడిమల్కాపూర్ పూలమార్కెట్ ఉండనే ఉంది, మొగ్గలు విడిగా తూకానికి తీసుకుని కట్టుకోవచ్చు.

కట్టిన దండని తడి బట్టలో చుట్టి గిన్నెలో పెట్టి మూతపెట్టండి, కేకు డబ్బాకి దూరంగా ఉంచండి, లేకపోతే కేకుకి కూడా మల్లె వాసన పడుతుంది. పడుకోబోయే ముందు కారు టైర్లలో గాలి, పెట్రోలు చూసుకుని, నీళ్ల సీసాలు, ఒక గుడ్డసంచి, చాప, చెత్తకి ఒక కవరు తలుపు దగ్గర పెట్టేసుకోండి. అలారం నాలుగున్నరకి.

పొద్దున లేవగానే ఫ్లాస్కులో మరిగే నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఉంచి పారబోసి, అప్పుడు టీ పొయ్యండి, తొమ్మిదింటికి కూడా పొగలు వస్తుంది. కేకు కోసి డబ్బాలో సర్దండి. మల్లెలు విప్పి చూడండి, రాత్రి పెట్టిన మొగ్గలన్నీ పూలై ఉంటాయి, గిన్నె మూత తీసిన ఆ క్షణం మా పాప ఎప్పుడూ తనే తీస్తానని పోటీకి వస్తుంది. సగం తలల్లోకి, సగం కారు అద్దం దగ్గరికి. కారులో స్ప్రే బాటిళ్లు ఉంటే ఆ ఒక్కరోజు తీసెయ్యండి, ఏసీ కూడా వద్దు, అద్దాలు దించండి.

అయిదున్నరకి బయల్దేరితే మంచిది. మేం అత్తాపూర్ నుంచి రాజేంద్రనగర్ మీదుగా అప్పా జంక్షన్‌కి వెళ్తాం, మీరు ఎక్కణ్ణుంచి వచ్చినా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అక్కడ దిగొచ్చు. అక్కడ మొదలవుతుంది బీజాపూర్ రోడ్డు, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్, ఆపైన అనంతగిరి, సిటీ మధ్య నుంచి లెక్కేస్తే దాదాపు 80 కిలోమీటర్లు. ఈ రోడ్డు మొదట్లో హిమాయత్‌సాగర్‌కీ గండిపేటకీ మధ్య నుంచి పోతుంది. 1908లో మూసీ వరదలు సిటీని ముంచేశాక ఈ రెండు చెరువులూ కట్టారు, మూసీ మీద గండిపేట 1920లో, ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో. ఆ మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లోనే, అంటే మనం వెళ్లేది ఆ నీళ్లకి ఎదురు దిక్కుగా, అవి మొదలైన చోటికి. పిల్లలకి ఈ ముక్క చెప్తే చెరువు కనపడ్డప్పుడల్లా ఇది మూసీయా, ఈసీయా అని అడుగుతూనే ఉంటారు.

మొయినాబాద్ దాటాక మర్రిచెట్లు వస్తాయి. రెండువైపులా వందల మర్రిచెట్లు, కొన్నిచోట్ల కొమ్మలు రోడ్డు మీద కలిసిపోయి పందిరిలా ఉంటాయి, ఊడలు కిందికి దిగి ఉంటాయి. రోడ్డు వెడల్పు పనుల్లో వీటిని కొట్టెయ్యకుండా ఎంతోమంది ఏళ్ల తరబడి కొట్లాడారు, కోర్టు దాకా వెళ్లారు. అందుకే ఈ ముక్కలో స్పీడు వద్దు, నలభైలో పోండి, కుడి ఎడమ చూసుకుంటూ పోండి, మళ్లీ ఇలాగే ఉంటాయని నమ్మకం పెట్టుకోకండి. మార్చిలో మర్రి చిగుళ్లు రాగిరంగులో ఉంటాయి, రావి చిగుళ్లు అంతకంటే గులాబీగా, పొద్దుటి ఎండ వెనకనుంచి పడితే దీపం పెట్టినట్టు ఉంటాయి. వేప కూడా అప్పుడే చిగురిస్తుంటుంది, మామిడితోటల్లో పూత రాలి పిందెలు పడుతుంటాయి, బూరుగు చెట్టుకి ఒక్క ఆకు కూడా లేకుండా ఎర్రటి పెద్ద పూలు.

మన్నెగూడ దాటి వికారాబాద్ వైపు వెళ్తుంటే పొలాల గట్ల మీద, తర్వాత అడవిలో మోదుగులు. దూరం నుంచి చూస్తే మంట పెట్టినట్టే ఉంటుంది. కారుని రోడ్డు మీద ఆపకండి, పూర్తిగా మట్టిలోకి దింపి ఇండికేటర్లు వేసి దిగండి. దగ్గరికి వెళ్లి ఒక్క పువ్వుని అరచేతిలో పెట్టుకుని చూడండి. కాడ దగ్గర తొడిమ నల్లగా, ముఖమల్‌లా ముట్టుకుంటే నునుపుగా ఉంటుంది, అందులోంచి నారింజ రేకులు, ఒకటి వంగి అచ్చం చిలకముక్కులా ఉంటుంది, రేకు మీద వెండి నూగు, ఎండలో మెరుస్తుంది. వాసన మాత్రం ఉండదు. తేనె కోసం గోరింకలు, తేనెపిట్టలు చెట్టంతా గోలగోలగా ఉంటాయి, ఓ పదినిమిషాలు కదలకుండా నిలబడితే అవి మనల్ని పట్టించుకోవు. చిన్నప్పుడు విస్తరాకులు కుట్టింది ఈ చెట్టు ఆకులతోనే అని అత్తమ్మ చెప్పేదాకా నాకు తెలియదు, పూలప్పుడు చెట్టు మీద ఆకులుండవు కదా, రెండిటికీ సంబంధం ఉందని ఎప్పుడూ తట్టలేదు.

కొమ్మలు విరవకండి, చెట్టు మీదవి కొయ్యకండి, కింద రాలినవే ఒక సంచెడు ఉంటాయి, ఆ పొద్దు రాలినవి, ఇంకా మెత్తగా ఉన్నవి ఏరుకోండి, పిల్లలకి ఇది ఇష్టమైన పని.

అనంతగిరి చేరేసరికి ఎనిమిదవుతుంది. అనంత పద్మనాభస్వామి గుడిలో దణ్ణం పెట్టుకుని, చెట్ల కింద చాప వేసి టీ, కేకు. కోతులుంటాయి, డబ్బా చూపించొద్దు, వాటికి పెట్టొద్దు కూడా, అలవాటైతే మన తర్వాత వచ్చేవాళ్లని పీకుతాయి. కేకు ముక్క ఇప్పుడు తిని చూడండి, నిన్న సాయంత్రం తిన్నదానికీ దీనికీ తేడా ఏంటో మీరే చెప్తారు. తొమ్మిదింటికల్లా లేచి వెనక్కి తిరగండి, పదిన్నర దాటితే కారు పెనం అవుతుంది. మేం ఒకసారి ఆలస్యంగా తొమ్మిదింటికి ఇంట్లో బయల్దేరాం, చేరేసరికి మిట్టమధ్యాహ్నం, పాపకి వడదెబ్బలా కొట్టి వాంతులయ్యాయి, అప్పటి నుంచి టైము విషయంలో నేను ఒక్క నిమిషం కూడా రాజీపడను. ఇంత దూరం వద్దనుకునేవాళ్లు మర్రిచెట్ల దాకా వచ్చి, వెనక్కి వెళ్లేటప్పుడు చిలుకూరు బాలాజీ గుడి చూసుకుని వెళ్లిపోవచ్చు. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు వాళ్లకి నర్సాపూర్ అడవి దగ్గర.

వచ్చేదారిలో చేవెళ్ల దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు పెట్టుకుని కూర్చుంటారు, లేత చింతచిగురు దొరికితే వదలకండి, మధ్యాహ్నం పప్పులోకి. బేరం ఆడకండి, ఆ ఎండలో కూర్చున్నవాళ్లతో పది రూపాయలకి బేరమేంటి.

ఇంటికొచ్చి తిని కాసేపు నడుం వాల్చి, సాయంత్రం మోదుగుపూల పని పట్టండి. నల్లటి తొడిమలు తీసేసి రేకులు ఒకసారి కడిగి, పెద్ద స్టీలు గిన్నెలో వేసి, మునిగి పైన నాలుగు వేళ్ల ఎత్తు ఉండేలా నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించి, స్టవ్ ఆపి మూతపెట్టి రాత్రంతా వదిలెయ్యండి. ఇంకా ఎర్రగా రావాలని కొందరు సున్నం కలుపుతారు, పిల్లల కళ్లలో పడితే ప్రమాదం, నేను కలపను. తెల్లారి మూత తీస్తే నీళ్లు ముదురు నారింజలో ఉంటాయి, పాత నూలు చీర ముక్కలో వడకట్టి, రేకుల్ని గట్టిగా పిండి, సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగైదు రోజులు నిలవుంటుంది. హోలీ రోజు బకెట్ నీళ్లకి ఒక సీసా కలుపుకోవాలి, తెల్ల బట్టలు వేసుకుంటే పసుపు మరకలు ఉండిపోతాయి, పాతవి వేసుకోండి. పిండిన రేకులు పారేయకుండా మల్లె కుండీలో వేసి పైన మట్టి కప్పండి.